స్కాన్‌లో ఎడమ, చీటీలో కుడి: డాక్టర్‌ని అడగాలా, గమ్మునుండాలా?

ప్రొద్దుటూరు పక్క పల్లె నుంచి ఒక కోడలు పెద్ద ఉత్తరమే రాశారు. ఊరూ పేరూ వేయొద్దన్నారు కాబట్టి వేయడం లేదు. విషయం ఇది.

ఆమె అత్తకు 64 ఏళ్లు. ఏడాదిగా నడుం పక్కన నొప్పి, అప్పుడప్పుడు మూత్రంలో మంట. ప్రొద్దుటూరులో అల్ట్రాసౌండ్ తీయిస్తే ఎడమ కిడ్నీలో 22 మిల్లీమీటర్ల రాయి, కుడి కిడ్నీలో 5 మిల్లీమీటర్ల చిన్న రాయి ఉన్నట్టు రిపోర్టు వచ్చింది. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ సీటీ స్కాన్ తీశారు, రిపోర్టు మాత్రం వీళ్ల చేతికివ్వలేదు. రాయి పెద్దది కాబట్టి వీపు వైపు నుంచి రంధ్రం చేసి తీయాలన్నారు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద అనుమతికి కాగితాలు పెట్టి, వచ్చే నెల మొదటి వారంలో వచ్చి చేరమన్నారు.

ఇంటికొచ్చాక కోడలు అడ్మిషన్ చీటీ తీసి చూస్తే ‘ఆర్‌టీ పీసీఎన్‌ఎల్’ అని ఉంది. ఆమె డిగ్రీ చదివారు. ఆర్‌టీ అంటే రైట్, అంటే కుడి అని తెలుసు. పీసీఎన్‌ఎల్ అంటే వీపు వైపు నుంచి రంధ్రం చేసి రాయి తీసే ఆ ఆపరేషనే. ఆసుపత్రికి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి “అదంతా సార్ చూసుకుంటారు, మీకెందుకు టెన్షన్” అని పెట్టేసింది. భర్తకు చెబితే “అంత పెద్ద డాక్టరుకు కుడేదో ఎడమేదో తెలీదా, గమ్మునుండు” అన్నాడు. మామ ఇంకో మాటన్నాడు: “ఆపరేషన్ చేసే చేతికి కోపం తెప్పించగూడదు.”

దీనికి తోడు అత్తకు చెవులు సరిగా వినపడవు. ఎవరేమడిగినా “ఆఁ” అంటుంది. చూపించుకోవడానికి వెళ్లిన రోజు ఆమె పేరే ఉన్న ఇంకొకావిడ కూడా అక్కడ ఉంది. పేరు పిలిస్తే ఇద్దరూ లేచారట. అత్త రెండేళ్ల కిందట ఛాతీ నొప్పి వచ్చినప్పటి నుంచి ఎకోస్ప్రిన్ వేసుకుంటోంది, షుగర్‌కి రెండు రకాల మాత్రలున్నాయి. వాటి సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, వీళ్లూ చెప్పలేదు.

ఉత్తరం చివర ఇలా రాశారు: “అడిగితే, నీ వల్లే ఆపరేషన్ వాయిదా పడిందని నన్నంటారు. అడగకుండా ఏమైనా జరిగితే, చదువుకున్న కోడలివి, చూసుకోలేదా అని అప్పుడూ నన్నే అంటారు. నేనేం చేయాల?”

అమ్మా, మీ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. రెండు వైపులా మాట పడేది మీరేనన్నది నిజం. దాన్ని నేను తీసేయలేను. కానీ ఆ రెండు నిందలూ ఒకటే బరువు కావు. వాయిదా పడితే పదిరోజులు సణుగుతారు, ఆపరేషన్ అయ్యాక మరిచిపోతారు. రెండోది జరిగితే మరిచిపోవడం ఎవరి వల్లా కాదు, ముఖ్యంగా మీ వల్ల. ఈ లెక్క మీకు తెలుసు కాబట్టే ఇంత ఉత్తరం రాశారు.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. మీరు చూసిన తేడా ఆసుపత్రి తప్పే అయి ఉండాలని లేదు. చీటీ రాసినవాళ్లు తొందరలో ఎల్ బదులు ఆర్ వేసి ఉండొచ్చు. ప్రొద్దుటూరు రిపోర్టు టైపు చేసేటప్పుడే కుడి ఎడమలు తారుమారై ఉండొచ్చు, సీటీలో అసలు సంగతి బయటపడి ఉండొచ్చు. లేదా ఆ చిన్న రాయి జారి మూత్రనాళంలో అడ్డం పడి, డాక్టరు ముందు దాని సంగతి చూడాలనుకుని ఉండొచ్చు. ఆపరేషన్ థియేటర్లో చాలా ఏళ్లు నర్సుగా చేసినదాన్ని కాబట్టి నా అనుమానం నాకుంది: 5 మిల్లీమీటర్ల రాయికి మామూలుగా వీపులో రంధ్రం చేయరు, కాబట్టి చీటీలోనే పొరపాటు పడి ఉండే అవకాశం ఎక్కువ. కానీ ఆ సీటీ నేను చూడలేదు, మీరూ చూడలేదు. అందుకని “మీరు తప్పు రాశారు” అంటూ మొదలుపెట్టకండి. ఏ వైపు చేస్తున్నారో, ఎందుకో డాక్టరు నోటితో చెప్పించుకోండి. చాలు.

మీ ఆయన అన్నదానికి వద్దాం. డాక్టరుకు తెలీదా అంటే, తెలుసు. సీటీ ఫిల్ము ముందు పెట్టుకుంటే ఏ యూరాలజిస్టుకైనా రాయి ఎక్కడుందో క్షణంలో తెలుస్తుంది. చిక్కు ఆయన తెలివిలో లేదు. ఓపీలో మీ అత్తను చూసిన రోజుకూ ఆపరేషన్ రోజుకూ మధ్య ఆయన వందల మందిని చూస్తారు. ఆ రోజు ఆయన చేతికొచ్చేది థియేటర్ లిస్టు. ఆ లిస్టు అడ్మిషన్ చీటీ చూసి టైపు చేస్తారు. లిస్టు చూసి బోర్డు మీద రాస్తారు. బోర్డు చూసి నర్సు సామాను సర్దుతుంది. అందరూ జాగ్రత్తగానే సరిచూస్తారు, కానీ కాగితాన్ని కాగితంతో సరిచూస్తారు. మొదటి చీటీలో తప్పుంటే దాన్ని చూసి రాసినవన్నీ ఒకదానితో ఒకటి చక్కగా సరిపోతాయి. ఎక్కడా అనుమానం రాదు. ఆ వరసలో లేని వస్తువులు రెండే: స్కాన్ ఫిల్ము, పేషెంటు.

పైగా ఈ ఆపరేషన్‌కు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చాలాచోట్ల మత్తు ఇచ్చాక ముందు వెల్లకిలా పడుకోబెట్టి మూత్రమార్గం గుండా సన్నని గొట్టం పెడతారు. తర్వాత మనిషిని బోర్లా తిప్పుతారు. అప్పటిదాకా సర్జన్ ఎదురుగా ఒక పక్కన ఉన్న కిడ్నీ ఇప్పుడు ఇంకో పక్కకు వస్తుంది. ఒళ్లంతా పచ్చగుడ్డలు కప్పేసి వీపు మీద జానెడు చోటు మాత్రమే కనిపిస్తుంటుంది. అందుకే పేషెంటు మెలకువగా ఉన్నప్పుడే ఆ వైపున, గుడ్డలు కప్పాక కూడా కనపడేచోట, చెరిగిపోని మార్కరుతో గుర్తు పెట్టాలంటారు. ఇంటూ గుర్తు మంచిది కాదు. ‘ఇక్కడ చేయండి’ అనా, ‘ఇక్కడ వద్దు’ అనా అన్నది చూసేవాళ్లకు అర్థం కాదు. బాణం గుర్తు వేస్తారు, లేదా సర్జన్ తన పొడి అక్షరాలు రాస్తారు.

మామగారి భయానికి కూడా ఇక్కడే జవాబుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం ఒక చెక్‌లిస్టు తయారుచేసింది. మొత్తం 19 అంశాలు. మత్తు ఇవ్వకముందు కొన్ని, కోత పెట్టేముందు కొన్ని, పేషెంటును థియేటర్ బయటికి తెచ్చేముందు కొన్ని చదివి సరిచూసుకోవాలి. మన ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో దాన్ని వాడి చూశారు. ఆపరేషన్ తర్వాత ఆసుపత్రిలో చనిపోయినవాళ్లు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గారు. పెద్ద ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఆ ఫలితాలు 2009లో వైద్య పత్రికలో అచ్చయ్యాయి. ఆ జాబితాలో అన్నిటికన్నా ముందున్నదేమిటో తెలుసా? పేషెంటు తన పేరు, ఏ ఆపరేషన్, ఏ చోట అన్నది తానే చెప్పాలి, ఒప్పుకున్నానని చెప్పాలి. అంటే మీరు అడగబోయే ప్రశ్న వాళ్లు మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్నే. దానికి కోపం తెచ్చుకునే సర్జన్లు లేరని అనను. రద్దీ ఓపీలో ఒకరిద్దరు విసుక్కోవడం నేనూ చూశాను. కానీ విసుక్కున్నవాళ్లు కూడా తర్వాత ఫిల్ము తీసి వెలుతురుకు పెట్టి చూడటం కూడా చూశాను. ఒకసారి చూశారంటే మీకు కావలసింది అయిపోయినట్టే.

ఇక మీ ముందున్న దారులు. మొదటిది, తేదీకి ముందే ఒకసారి కర్నూలు వెళ్లి రావడం. ఖర్చు, ఒక రోజు పని పోవడం, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా బస్సు ప్రయాణం. లాభం ఏమిటంటే తీరిక. చీటీలో నిజంగా తప్పుంటే వైద్య సేవ అనుమతి కాగితాల్లో కూడా అదే తప్పు వెళ్లి ఉండొచ్చు, దాన్ని సరిచేయడానికి సమయం పడుతుంది. చేరిన రోజున బయటపడితే అప్పుడే వాయిదా పడే ప్రమాదం ఎక్కువ. మీరు భయపడే వాయిదా ముందుగా అడిగితే వచ్చేది కాదు, ఆలస్యంగా అడిగితే వచ్చేది. ఈ మాట మీ ఆయనకు చెప్పి చూడండి.

ఆయనతో డాక్టరు గొప్పా కాదా అని వాదనకు దిగకండి, తెగదు. ఆయనకు ఒక పని అప్పజెప్పండి: “సీటీ రిపోర్టు, ఫిల్ము మన దగ్గర లేవు, తెచ్చిపెట్టు.” మగవాళ్లకు ప్రశ్న అడగడం కన్నా కాగితం తేవడం సులువుగా ఉంటుంది, ఎందుకో! ఇవ్వం అనడానికి ఆసుపత్రికి వీల్లేదు. పేషెంటు తరఫున రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. ఆ రిపోర్టు చేతికొస్తే సగం సంగతి మీకే తెలిసిపోతుంది. అందులోనూ పెద్ద రాయి ఎడమ వైపే ఉందని ఉంటే చీటీలో తప్పు ఉండే అవకాశం ఎక్కువ. కుడి అని ఉంటే ప్రొద్దుటూరు రిపోర్టు గురించి డాక్టరును అడగాలి.

ప్రతి వైద్య సేవ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అని ఒకరుంటారు. సాధారణంగా ముందు హాల్లోనే కౌంటరు ఉంటుంది. అనుమతికి పంపిన కాగితంలో ఏ వైపు అని ఉందో ఆయన్ని అడిగి తెలుసుకోవచ్చు. సర్జన్ దగ్గరికి నేరుగా వెళ్లడానికి బెరుకైతే అక్కడ మొదలుపెట్టండి. మిత్ర దగ్గర పని కాకపోతే 104కు ఫోన్ చేయొచ్చు.

రెండో దారి, మత్తు డాక్టరు. ఆపరేషన్‌కు ముందు మత్తుకు పనికొస్తుందో లేదో చూసే పరీక్ష ఒకటి చేస్తారు. చాలామంది దాన్ని సంతకం కోసం వెళ్లే పనిలా చూస్తారు. నా అనుభవంలో అడగడానికి దానికన్నా మంచి చోటు లేదు. మత్తు డాక్టరు పని కోయడం కాదు, మనిషిని భద్రంగా లోపలికి తీసుకెళ్లి బయటికి తేవడం. ఆయన కాగితాలన్నీ తిరగేస్తారు, ప్రశ్నలడుగుతారు, తీరిగ్గా వింటారు. “సార్, స్కాన్‌లో ఎడమ అని ఉంది, చీటీలో రైట్ అని ఉంది, మాకర్థం కాలేదు” అని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఆయన వాటిని చూశాక ఊరికే ఉండరు, సర్జన్‌కు ఫోన్ చేస్తారు. మీ మామగారు భయపడుతున్న ‘కోపం’ కూడా ఇక్కడ మీ మీదికి రాదు.

చేరిన రోజు సాయంత్రం సర్జన్ రౌండ్స్‌కు వచ్చినప్పుడు అడగడం మూడోది. ఇది అందరికీ దొరికే అవకాశమే గానీ ఆలస్యం. అయినా సరే, మొదటి రెండూ కుదరకపోతే దీన్ని వదలొద్దు. “ఏ వైపు తీస్తారు సార్? గుర్తు ఎప్పుడు పెడతారు?” ఈ రెండు ముక్కలూ రాసుకుని వెళ్లండి. డాక్టరు ఎదురుగా నిలబడితే నోరు ఎండిపోతుంది, అందరికీ జరిగేదే.

ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం కూడా మీ హక్కే. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంది. కానీ నిజం చెప్పాలంటే మీ విషయంలో అది ఇప్పుడే అవసరం కాదు. మీకు డాక్టరు మీద నమ్మకం పోలేదు, ఒక అక్షరం మీద అనుమానం వచ్చింది, అంతే. అడిగినా సరైన జవాబు చెప్పకపోతే, ఫిల్ము చూపించడానికి కూడా ఇష్టపడకపోతే అప్పుడు వెళ్లండి. పక్కకు పెట్టి కొన్ని వారాలు ఆగినా ఈ రాయితో సాధారణంగా ప్రాణం మీదికి రాదు. ఒక్కటి మినహా: చలితో జ్వరం వచ్చినా, మూత్రం బాగా తగ్గిపోయినా, వాంతులు ఆగకపోయినా తేదీ కోసం చూడకండి. రాయి అడ్డుపడి చీము పట్టిందంటే అది గంటల్లో ముదిరే జబ్బు. కడప రిమ్స్‌కో, దగ్గర్లో ఏది ఉంటే దానికో వెంటనే తీసుకెళ్లాలి.

గమ్మునుండటం కూడా ఒక దారే, మీ ఆయన చెప్పింది. ఎక్కువసార్లు ఏమీ కాదు కూడా. ఫిల్ము ముందు పెట్టుకునే మంచి సర్జన్ అయితే థియేటర్లోనే పట్టేస్తారు. కానీ అప్పుడు మీరు ఒక్క మనిషి కళ్ల మీద అంతా వదిలేసినట్టు. ఆ రోజు ఆయనకు అది ఐదో కేసు కావచ్చు.

ఇప్పుడు మీ అత్తగారి “ఆఁ” గురించి. మీరు ఉత్తరంలో నవ్వుతూ రాసినట్టున్నారు గానీ నాకైతే కుడి ఎడమల కన్నా దీని మీదే భయం ఎక్కువ. థియేటర్ తలుపు దగ్గర రద్దీలో ఎవరైనా “నువ్వేనా అమ్మా ఫలానా? ఎడమ వైపే కదా?” అంటారు. “ఆఁ” అంటుంది. “కుడి వైపే కదా?” అన్నా “ఆఁ” అనే అంటుంది. మన పెద్దవాళ్లకు తెల్లకోటు మనిషికి ఎదురు చెప్పే అలవాటు లేదు. వినపడలేదని చెప్పుకోవడానికి నామోషీ. సరిగ్గా అడగడం తెలిసిన సిబ్బంది “నీ పేరేంటి, ఏ పక్క నొప్పి, ఏం చేయించుకోవడానికి వచ్చావు” అని అడిగి ఆమె చేతే చెప్పిస్తారు. అందరూ అలా అడగరు. అందుకే ఇంట్లోనే నేర్పండి. అవునంటూ తల ఊపొద్దు, తన పేరు తాను చెప్పాలి, ఇంటి పేరుతో సహా. రాయి ఉన్న పక్క చేత్తో తాకి చూపించాలి. అది ఏ పక్కో డాక్టరు తేల్చి చెప్పాకే నేర్పండి, ముందే వద్దు. రోజూ సాయంత్రం ఒకసారి అడిగిస్తే నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది, మనవళ్లకు అప్పజెప్పండి, వాళ్లకు సరదాగా కూడా ఉంటుంది.

పేరు సంగతి. ఆ పేరు నేను రాయడం లేదు గానీ కడప జిల్లాలో ఊరికి నలుగురుంటారు. పేరుతో పాటు పుట్టిన తేదీ కూడా సరిచూడాలన్నది పద్ధతి. కానీ మన దగ్గర ఆ వయసు వాళ్లలో ఎంతోమందికి ఆధార్‌లో జనవరి 1 అనే పడి ఉంటుంది. పేరు ఒకటే, తేదీ ఒకటే అయితే ఇక ఏది చూసి వేరు చేస్తారు? భర్త పేరు అడుగుతారు. అప్పుడు ఇంకో ఇబ్బంది, కొందరు పెద్దమ్మలు మొగుడి పేరు నోటితో పలకరు. మీ అత్తగారూ అలాంటి మనిషైతే ముందే చెప్పి ఒప్పించండి, ఆసుపత్రిలో పలికితే తప్పు లేదని మామగారి చేతే చెప్పించండి. అన్నిటికన్నా నమ్మకమైనది ఇన్‌పేషెంట్ నంబరు. చేరగానే చేతికి కట్టే పట్టీ మీద ఆ నంబరు, పేరు, వయసు సరిగ్గా ఉన్నాయో మీరు చదవండి. పట్టీ కట్టకపోతే అడిగి కట్టించుకోండి. అదే పేరున్న మనిషి వార్డులో ఉంటే డ్యూటీ నర్సుకు చెప్పండి, కేస్‌షీట్ మీద ఎర్ర సిరాతో రాసిపెడతారు. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు, ముఖ్యంగా రక్తం ఎక్కించాల్సి వస్తే, బ్యాగు మీది పేరూ నంబరూ గ్రూపూ పట్టీతో కలిపి చూడమని నర్సును అడగడంలో మొహమాటం వద్దు. రక్తం విషయంలో ఇద్దరు సరిచూడాలన్నది నియమమే.

ఆమెను థియేటర్‌కు తీసుకెళ్లేటప్పుడు తలుపు దాకా మీరే వెళ్లండి. అక్కడ తీసుకునే నర్సుకు “ఈమెకు చెవులు వినపడవు, తల ఊపితే నమ్మొద్దు, ఎదురుగా నిలబడి గట్టిగా అడగండి” అని చెప్పండి. చెవి మిషను పెట్టుకునే అలవాటుంటే మత్తు ఇచ్చేదాకా ఉంచమని అడగండి.

సంతకం గురించి ఒకటి చెప్పాలి. మన దగ్గర ఆపరేషన్ ఒప్పంద పత్రం మీద కొడుకు సంతకం పెట్టేస్తాడు, తల్లి మూల కూర్చుని చూస్తుంటుంది. పేషెంటు పెద్దమనిషై, స్పృహలో ఉంటే ఒప్పుకోవాల్సింది ఆమే. వేలిముద్ర అయినా సరే, ఆమెదే. 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో పరీక్ష కోసం ఒప్పుకున్న ఒక మహిళకు మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ఆ ఒప్పుకోలు చెల్లదని, ఒకదానికి ఇచ్చిన అనుమతి ఇంకోదానికి పనికిరాదని కోర్టు చెప్పింది. మీకు దీనితో పనేమిటంటే, ఆ పత్రంలో ఆపరేషన్ పేరూ, ఏ వైపో రాసి ఉండాలి. ఇంగ్లీషులో ఉంటే మీరు చదివి ఆమెకు చెప్పండి. ఖాళీలు వదిలేసి “సంతకం పెట్టండి, తర్వాత నింపుకుంటాం” అంటే పెట్టకండి. అనుమానం తీరకుండా ఉంటే ఆసుపత్రిని ఆపగలిగే చోటు మీకు ఇదొక్కటే.

మందుల సంగతి ఆలస్యం చేయొద్దు, తేదీకి వారం పది రోజుల ముందే డాక్టరుకు తెలియాలి. ఎకోస్ప్రిన్ రక్తం గడ్డకట్టనివ్వదు. ఈ ఆపరేషన్‌లో కిడ్నీకి రంధ్రం పెడతారు కాబట్టి రక్తస్రావం పెద్ద విషయం. అలాగని మీరే ఆపేయకండి. గుండె కోసం ఇచ్చిన మాత్ర ఊరికే ఆపితే అదో ప్రమాదం. ఆపాలా, ఎన్ని రోజుల ముందు ఆపాలా అన్నది సర్జన్, మత్తు డాక్టరు, ఆ మాత్ర రాసిన గుండె డాక్టరు కలిసి తేల్చాలి. షుగర్ మాత్రల పేర్లు చూడండి. వాటిలో డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని ఉంటే అవి సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు, మిగతా రకాలకు లెక్క వేరు. పేర్లు రాసుకోవడం కన్నా మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నొప్పి మాత్రలు, నాటు మందులు, రాయి కరగడానికని ఎవరో ఇచ్చిన కషాయం కూడా ఆ సంచిలో ఉండాలి. చాలామంది వాటిని దాస్తారు, డాక్టరు తిడతాడని. ఏ మందు పడకపోయినా అది కూడా చెప్పాలి. మూత్రం కల్చర్ పరీక్ష చేశారా, ఫలితం వచ్చిందా అని కూడా అడగండి. మంట ఉందన్నారు కాబట్టి ఇన్ఫెక్షన్ ఉండగానే రాయి కదిలిస్తే అది రక్తంలోకి పాకుతుంది.

మిగతావి చిన్నవి. ఆపరేషన్ చోట ఇంట్లో బ్లేడుతో గీయకండి, సన్నని గాట్లు పడి చీము పడుతుంది. ఆ పని అవసరమైతే వాళ్లే క్లిప్పర్‌తో చేస్తారు. ముక్కుపుడక, మెట్టెలు, గాజులు ఇంట్లోనే తీసి పెట్టండి. థియేటర్లో కరెంటు పరికరాలు వాడతారు. ఊడొచ్చే పళ్లుంటే చెప్పండి. ఏమీ తినొద్దన్న గంటల్లో టీ కూడా తాగనివ్వకండి. పాలు కలిపిన టీ నీళ్ల లెక్కలోకి రాదు. “పొద్దున్నే ఓ గుక్కెడు టీ తాగింది, ఏమవుతుందిలే” అన్న మాట వల్ల థియేటర్ తలుపు దాకా వచ్చి వెనక్కి పోయిన కేసులు లెక్కలేనన్ని.

చివరగా, అన్నీ సవ్యంగా జరిగాక వచ్చే తప్పు ఒకటుంది, రాయి ఆపరేషన్లకు ఇది మరీ సొంతం. రాయి తీశాక చాలామందికి కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా లోపల డీజే స్టెంట్ అనే సన్నని గొట్టం పెట్టి పంపిస్తారు. అది కొన్ని వారాలకే. తర్వాత తీసేయాలి. నొప్పి తగ్గింది కదా అని ఊరికెళ్లిపోయి, లోపల గొట్టం ఉందన్న సంగతే తెలియక నెలలు, ఏళ్లు ఉంచుకున్నవాళ్లు ఉన్నారు. దాని మీద కొత్త రాయి పేరుకుంటుంది, కిడ్నీ పాడవుతుంది, తీయడానికి మళ్లీ పెద్ద ఆపరేషన్ కావాలి. డిశ్చార్జి రోజు ఎంత హడావిడి ఉన్నా మూడు విషయాలు అడక్కుండా కదలకండి: స్టెంట్ పెట్టారా, ఏ తేదీకి తీయించుకోవాలి, అది తీయడం కూడా ఇదే అనుమతిలో వస్తుందా లేక డబ్బు కట్టాలా. మూడోది ఆరోగ్యమిత్రను అడగండి. తేదీని డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని, ఇంటికొచ్చాక గోడ క్యాలెండర్లోనూ, మీ ఆయన ఫోన్లోనూ పెట్టండి. వెళ్లడానికి రెండు రోజుల ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ రోజు సార్ ఉంటారో లేదో కనుక్కుని బయల్దేరండి.